ముప్పై ఒక్క మంది, మూడు తరగతులు, ఒకే గది

ప్రశ్న: నమస్కారం. నేను ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) చేరి ఎనిమిది నెలలైంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ప్రాథమిక పాఠశాల. ఇద్దరమే టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెచ్‌ఎం గారు చూస్తారు. మూడు, నాలుగు, ఐదు నావి. ఒకే గదిలో 31 మంది. పాఠం చదవమంటే అందరూ కలిసి గట్టిగా చదువుతారు. ఒక్కొక్కరిని లేపితే ఐదో తరగతిలో కూడా నలుగురికి నోరు పెగలదు. కొండ దిగువ గూడెం నుంచి వచ్చే ముగ్గురు సవర గిరిజన పిల్లలు అసలు మాట్లాడరు. మిగతావాళ్ళు 'నాను', 'ఏటి' అంటారు, రాసేటప్పుడూ అలాగే రాస్తారు. దిద్దీ దిద్దీ విసుగొస్తోంది. ఒక తరగతికి చెబుతుంటే మిగతా రెండూ గోల. సాయంత్రానికి గొంతు పోతోంది. లెక్కల్లో తీసివేతలు ఎన్నిసార్లు చెప్పినా తప్పులే. సిలబస్ వెనకబడింది. పోయిన నెల ఒక బాబును స్కేలుతో కొట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'అందరూ కలిసి గట్టిగా చదువుతారు, ఒక్కొక్కరిని లేపితే నోరు పెగలదు' అన్నారు. మీరు రాసిన కష్టాలన్నిట్లో అసలుది ఇదే. గోల, సిలబస్, గొంతు పోవడం చాలావరకు దీని వెనకాలే వస్తాయి. అందుకని ముందు దీని గురించే ఎక్కువ రాస్తాను.

నేను విజయనగరం జిల్లా పల్లెల్లో 34 ఏళ్ళు పాఠాలు చెప్పాను. సర్వీసులో మూడో ఏడు, గజపతినగరం వైపు ఒక ఊళ్ళో నాలుగో తరగతి బాబు ఒకడుండేవాడు. పుస్తకం చేతికిస్తే పాఠం మొదటినుంచి చివరిదాకా తప్పు లేకుండా చదివేవాడు. వేలు కూడా అక్షరాల కింద చక్కగా కదిలేది. ఒకరోజు వాడి పక్కన కూర్చుని, వరస మధ్యలో 'మేక' అన్న మాట మీద నా వేలు పెట్టి, ఇదేంటి నాన్నా అని అడిగాను. వాడు నా మొహంకేసి చూశాడు. తర్వాత ఆ వరస మొదటికి వెళ్ళి, లోపల్లోపల గొణుక్కుంటూ, మాటకో వేలు మడుస్తూ నా వేలు దాకా వచ్చి, 'మేక' అన్నాడు. కింద వరసలో అదే మాట చూపించాను. మళ్ళీ ఆ వరస మొదటికి వెళ్ళాడు. ఎక్కం మధ్యలో అడిగితే ఒకటి నుంచి చెప్పుకుంటూ వస్తారు చూడండి, అచ్చం అలాగే. వాడికి పాఠం వచ్చు, చదవడం రాదు. మూడేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అందులో ఒక ఏడాది వాడి టీచర్ని నేనే.

మీ గదిలో కూడా ఇలాంటి పిల్లలున్నారు. మీరు నలుగురు అన్నారు. ఐదో తరగతి వాళ్ళని లేపి చూశారు కాబట్టి ఆ నలుగురు కనిపించారు. మూడు, నాలుగు తరగతుల్లో ఎంతమందో ఇంకా చూడలేదనిపిస్తోంది. అందరూ కలిసి చదివేటప్పుడు ముందు ముగ్గురు చదువుతారు, మిగతావాళ్ళు వాళ్ళ గొంతు వెనక అర క్షణం ఆలస్యంగా అంటారు. మనకి చెవికి ఇంపుగా ఉంటుంది, పాఠం అయిపోయినట్టే అనిపిస్తుంది. పాటలకీ పద్యాలకీ కలిసి పాడటం మంచిదే, మానవద్దు. చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం అది పనికిరాదు.

కాబట్టి ఒక వారం, చెప్పడం తగ్గించి వినండి. 31 మందినీ ఒక్కొక్కరినే వినండి.

దీనికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక అట్ట మీద నాలుగు ముక్కలు మీ చేత్తో పెద్దగా రాసుకోండి. మొదటిది, వరస తప్పించి పది అక్షరాలు. రెండోది, ఒత్తుల్లేని పది చిన్న మాటలు. మూడోది, నాలుగు సులువైన వాక్యాలు. నాలుగోది, ఎనిమిది పది వాక్యాల చిన్న కథ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వేలో కూడా పిల్లల చదువును ఇంచుమించు ఈ మెట్ల మీదే చూస్తారు: అక్షరం, మాట, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. వాక్యాలు పాఠ్యపుస్తకంలోవి మాత్రం వద్దు, అవి కంఠతా వచ్చేసి ఉంటాయి. 'మా ఇంటి వెనక పనస చెట్టు ఉంది. దాని నిండా కాయలు కాశాయి' లాంటివి మీరే కట్టండి. మీ ఊళ్ళో పనస, జీడి, కొబ్బరి తెలియని పిల్ల ఉండదు.

వరండాలో చాప వేసుకుని పిల్లని ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్షలా ఉంటుంది. ముందు నాలుగు వాక్యాలు ఇవ్వండి. తేలిగ్గా చదివితే కథకి వెళ్ళండి, తడబడితే మాటలకి, అక్కడా ఆగితే అక్షరాలకి దిగండి. తప్పు చదివినప్పుడు దిద్దొద్దు. మీ నోట్‌బుక్కులో పేరు, తేదీ, ఏ మెట్టు, ఏ అక్షరం దగ్గర తడబడిందో రాసుకోండి చాలు. మనిషికి నాలుగు నిమిషాలు పడుతుంది. 31 మందికి కలిపి 124 నిమిషాలు, అంటే రోజుకి అరగంట లోపే, ఐదు రోజులు. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు ఆడుకునే వేళ కొంత, హెచ్‌ఎం గారు కాసేపు గది చూస్తానంటే అప్పుడు కొంత చేయొచ్చు.

వారం చివర ఆ నోట్‌బుక్కు తీసి చూస్తే మూడు, నాలుగు, ఐదు తరగతులన్న గీతలు చెరిగిపోతాయి. మూడో తరగతి అమ్మాయి కథ చదివేస్తుంది, ఐదో తరగతి బాబు గుణింతాల దగ్గర ఉంటాడు. అందుకే రోజుకో గంట, వీలైతే పొద్దున్నే ప్రేయర్ అవగానే, తరగతులు పక్కనపెట్టి మెట్టును బట్టి మూడు గుంపులు చేయండి. అక్షరాలు, మాటల దగ్గర ఉన్నవాళ్ళు ఒక గుంపు. వాక్యాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు ఒకటి. కథ చదవగలిగినవాళ్ళు ఒకటి. మిగతా పీరియడ్లు మామూలుగానే తరగతి ప్రకారం నడపండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఐదో తరగతి బాబుని మూడో తరగతి పిల్లల మధ్య కూర్చోమంటే వాడి మొహం చిన్నబోతుంది. ఆ సిగ్గుతోనే బడి ఎగ్గొట్టడం మొదలవుతుంది, నేను చూశాను. గుంపులకి ఏ, బీ, సీ అని పెట్టొద్దు. ఏది తెలివైన గుంపో పిల్లలకి ఒక్క పూటలో తెలిసిపోతుంది. మీ జిల్లా నదుల పేర్లు పెట్టండి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ. ఆ పెద్ద బాబుకి గుంపులో ఒక పని అప్పగించండి, మాటల చీటీల డబ్బా వాడి దగ్గరుండాలి, పంచేది వాడు, లెక్కపెట్టి తీసుకునేది వాడు. ఇంకొక సంగతి, గుంపులు రాతిమీద చెక్కినవి కావు. మూడు వారాలకోసారి మళ్ళీ వినండి. పైకి వెళ్ళినవాళ్ళని ఆ రోజే మార్చండి. ఎవరో ఒకరు మారడం కళ్ళారా చూస్తే మిగతావాళ్ళకి ఆశ పుడుతుంది.

ఒక్క టీచరు మూడు గుంపులని ఎలా పట్టుకోవాలి? మొదటి పది నిమిషాలు అందరినీ కలిపి కూర్చోబెట్టి మీరు ఒక కథ చదివి వినిపించండి. తర్వాత ఒక్కో గుంపు దగ్గర పదిహేను నిమిషాలు. మీరు ఒక గుంపుతో ఉన్నప్పుడు మిగతా రెండు గుంపులకీ మీ అవసరం లేని పని చేతిలో ఉండాలి. మీ గదిలో గోలకి నాకు కనిపిస్తున్న కారణం అక్కడే ఉంది. 'ఈ పాఠం చూచిరాత రాయండి' అంటే చురుకైన పిల్ల ఐదు నిమిషాల్లో ముగించి పక్కవాణ్ణి గిల్లుతుంది. చదవడం రాని పిల్లవాడు బొమ్మ గీసినట్టు గీస్తూ ఉంటాడు. ఇద్దరికీ ఏమీ అబ్బదు.

కథ చదివే గుంపుకి, చదివిన కథ మీద మూడు ప్రశ్నలు తయారుచేసి పక్కవాళ్ళని అడగమనండి. జవాబు రాయడం కన్నా ప్రశ్న తయారుచేయడం కష్టం, అందులో లీనమైపోతారు. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో చెప్పిన కథ సొంతంగా రాయమనండి. మీ వైపు చాలా ఇళ్ళల్లో తల్లిదండ్రులు పనులకి విజయవాడో హైదరాబాదో వలసపోతే పిల్లలు ముసలివాళ్ళ దగ్గరే ఉంటారు. ఆ ముసలామెకి చదువు రాకపోవచ్చు, ఆమె దగ్గర కథలు మాత్రం ఉంటాయి. అలా రాసిన కాగితాలని కుట్టి పుస్తకం చేస్తే రెండో గుంపుకి అదే వాచకం అవుతుంది. ఈ పై గుంపు పిల్లల చేత కింది గుంపుకి చెప్పించడం మంచిదే గానీ రోజుకి పది నిమిషాలు మించొద్దు. తెలివైన పిల్లల్ని పొద్దస్తమానం చిన్న టీచర్లుగా వాడుకోవడం నాకు నచ్చదు. వాళ్ళూ నేర్చుకోవడానికే వచ్చారు.

రెండో గుంపుకి జంట చదువు పెట్టండి. ఇద్దరికీ ఒకే పుస్తకం, ఒకరు ఒక వాక్యం, రెండోవారు ఆ తర్వాతి వాక్యం. పేజీ అయ్యాక పుస్తకం మూసి ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పుకోవాలి. అక్షరం అక్షరం పలికి, చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయే పిల్లలు వీళ్ళు. రోజూ చదివే కొద్దీ వేగం వస్తుంది, వేగంతో పాటే అర్థమూ అందుతుంది.

ఇక మొదటి గుంపు. వీళ్ళ దగ్గర మీరు కూర్చునే పదిహేను నిమిషాలు మిగతావాటికన్నా విలువైనవి. తెలుగులో అక్షరాలు 56 అని చెప్పి అ, ఆ నుంచి బండి ర దాకా వరసగా దిద్దించి, తర్వాత గుణింతాలు ఎత్తుకుంటాం. పిల్లలు 'త తలకట్టు త, త కి దీర్ఘమిస్తే తా' అని పాటలా పాడేస్తారు. అదే పిల్లకి 'తీ' ఒక్కటీ రాసి చూపిస్తే నోరు తెరవదు. మేక బాబు కథే మళ్ళీ. నేను చాలా ఏళ్ళు అలాగే చెప్పి, చివరికి పద్ధతి తిరగేశాను. ఒక్క హల్లుకి గుణింతాలన్నీ కాకుండా, ఒక్క గుణింతపు గుర్తుని అన్ని హల్లుల మీద చూపించడం. ముందు తలకట్టు మాటలు: వల, పలక, పడవ, కడవ, గడప. ఇవి చదవడానికి ప, ల, వ, క, డ, గ వస్తే చాలు, మొదటి వారంలోనే పిల్ల ఒక మాట చదివానని సంబరపడుతుంది. తర్వాత వారమంతా దీర్ఘం ఒక్కటే: తాత, మామ, బావ, పాట, బాట. ఆ తర్వాత గుడి: బడి, నది, గది, చిలక. ఇలా వారానికో గుర్తు. ఒత్తుల దగ్గరికి వచ్చాక అదే అక్షరానికి అదే ఒత్తు ఉన్న మాటలు ముందు: అమ్మ, అప్ప, అక్క, పిక్క, బుర్ర. వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి బాగా తర్వాత. 'పిక్క' అన్న మాటని కావాలనే రాశాను. జీడిపిక్క, చింతపిక్క మీ పిల్లల నోట్లో రోజూ నలిగే మాట. విత్తనం అని వేరే చోట నేర్పుదురుగాని.

మీరు వేరే గుంపుతో ఉన్నప్పుడు వీళ్ళకి గుణింతపు చక్రం ఇవ్వండి. పాత నోట్‌బుక్కు అట్టని రెండు గుండ్రాలుగా కత్తిరించి, పెద్దదాని అంచున హల్లులు, చిన్నదాని అంచున గుర్తులు రాసి, మధ్యలో గుండుసూది గుచ్చి మెలితిప్పితే సరి. తిప్పుతూ ఏ శబ్దం వస్తుందో ఒకరికొకరు చెప్పుకుంటారు. అగ్గిపెట్టెల్లో మాటల చీటీలు కూడా అంతే. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో చూపించడానికి థర్మోకోల్‌తో చేసిన టీఎల్ఎం (బోధన సామగ్రి) అలమరాలో దాచే బదులు, చిరిగినా పర్వాలేదని పిల్లల చేతిలో పెట్టగలిగినవి చేయండి.

'నాను', 'ఏటి' సంగతికొద్దాం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

మీరున్న జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టారు. ఆయన కూడా మనలాగే బడి పంతులు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, కొండల్లోని సవరలకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట తనకి రావాలని సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, వ్యాకరణం, నిఘంటువు కూడా తయారుచేశారు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషాయన, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల్లో తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగితే, ఆ ప్రశ్న పట్టుకుని బతికినంతకాలం పోరాడారు. ఇవాళ మనం మాట్లాడే తెలుగులో పాఠాలు ఉన్నాయంటే అందులో ఆయన కష్టం ఉంది. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆయన పుట్టిన నేల మీద పిల్ల 'నాను' అంటే నోరు మూయించడం నాకు మనసొప్పదు.

మీ పిల్లలెవరైనా 'సెట్టు' అని రాస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ పిల్ల తన ఇంట్లో ఎలా వింటుందో సరిగ్గా అలాగే రాసింది. అంటే శబ్దానికి అక్షరం ముడిపెట్టడం వచ్చేసింది. ట కింద టవత్తు పెట్టడం కూడా వచ్చింది. మిగిలింది పుస్తకంలో ఆ మాటని 'చ'తో రాస్తారని తెలియడం ఒక్కటే. ముందు ఆ వచ్చినదానికి శభాష్ అనండి. పిల్ల మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దిద్దొద్దు. మాట్లాడితే తప్పు పడుతుందని తెలిస్తే మాట్లాడటమే మానేస్తుంది. గోడమీద ఒక చార్టు పెట్టి నిలువుగా గీత గీయండి. ఒక వైపు 'ఇంటి మాట', రెండో వైపు 'పుస్తకం మాట'. నాను, నేను. ఏటి, ఏమిటి. బేగి, త్వరగా. ఒగ్గేయి, వదిలేయి. వారానికి ఐదు మాటలు పిల్లలే పట్టుకొచ్చి రాయాలి. కథ రాసేటప్పుడు ముసలమ్మ మాటలు ఇంటి మాటలోనే రాయమనండి, కథ చెప్పే వాక్యాలు పుస్తకం మాటలో. రెండూ తెలిసిన పిల్ల ఎక్కడ ఏది వాడాలో తానే నేర్చుకుంటుంది.

ఆ ముగ్గురు సవర పిల్లల్ని మాత్రం కొన్నాళ్ళు లేపి నిలబెట్టకండి. వాళ్ళు మాట్లాడకుండా వింటూ పోగేసుకుంటున్న కాలం ఇది. విడివిడిగా కూర్చోబెడితే త్వరగా తెలుగు వస్తుందనుకుంటాం గానీ, ముగ్గురినీ దగ్గరగా కూర్చోనిచ్చి వాళ్ళలో వాళ్ళు సవరలో మాట్లాడుకోనివ్వండి. అర్థమైన పిల్ల అర్థంకాని పిల్లకి చెబుతుంది. ఒక సాయంత్రం గూడేనికి వెళ్ళి ఆ తల్లుల దగ్గర కూర్చుని, నీళ్ళు, అన్నం, ఆకలి, ఇల్లు, రా, కూర్చో, నొప్పి లాంటి ముప్పై మాటలు సవరలో అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకోండి. మీ పలుకు విని వాళ్ళు నవ్వుతారు. మర్నాడు ఆ పిల్లలకి మీరంటే భయం సగం పోతుంది. తెలుగు లిపిలో సవర వాచకాలు బహుభాషా విద్య కింద గతంలో వేశారు. సీతంపేట వైపు పనిచేసిన పాత టీచర్లని అడిగి చూడండి. మాట అవసరం లేని లెక్కల పనిలో ఆ పిల్లలని ముందు కలుపుకోండి, పిక్కలు లెక్కపెట్టడానికి ఏ భాషైనా ఒకటే.

లెక్కల్లో తీసివేత గురించి అడిగారు. పిల్లల తప్పుని కొట్టేసే ముందు ఆ తప్పు ఎలా వచ్చిందో చూడండి. 52లో 17 తీసేయమంటే చాలామంది 45 అని రాస్తారు. లెక్క రాక కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశారు, 5 వచ్చింది. 5లోంచి 1 తీస్తే 4. వాళ్ళకి రెండు అంకెలు విడివిడిగా కనిపించాయి, యాభై రెండు కనిపించలేదు. నా దగ్గర ఇలాగే రాసే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళమ్మ కిరాణా కొట్టు నడిపేది. 52 రూపాయలుంటే 17 రూపాయల సరుక్కి ఎంత మిగులుతుందమ్మా అని నోటితో అడిగితే క్షణంలో 35 అంది. నువ్వు కాగితం మీద 45 రాశావు కదా అంటే, 'అది లెక్కండీ, ఇది డబ్బులు' అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కొబ్బరి ఈనెలు విరిచి పదేసి కట్టలు కట్టండి. ఉద్దానంలో వాటికి కరువు లేదు. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 17 ఇవ్వమని అడగండి. పిల్ల ఏడు విడి పుల్లలు ఇవ్వబోతుంది, రెండే ఉన్నాయి. ఏం చేయాలో మీరు చెప్పొద్దు, ఆగండి. కాసేపటికి ఒక కట్ట విప్పుతుంది. అప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఆ విప్పిన క్షణంలోనే పలక మీద 5 కొట్టేసి 4, 2 పక్కన 1 పెట్టించండి. 'అప్పు తెచ్చుకోవడం' అని మనం వట్టి నోటితో చెప్పేది చేతికి తెలుస్తుంది. వారం రోజులు కట్టలతోనే చేయించి, తర్వాత కట్టల బొమ్మలు గీయించి, ఆ తర్వాతే అంకెలకి రండి.

గొంతు గురించి. నాకు నలభై ఏళ్ళకే గొంతులో కాయలు కట్టాయి, డాక్టరు నెల రోజులు మాట్లాడొద్దన్నారు. మీరు అంతదాకా తెచ్చుకోకండి. గోలని మించి అరిస్తే గోల ఇంకా పెరుగుతుంది. ఒక చప్పట్ల గుర్తు పెట్టుకోండి. మీరు రెండు కొడితే వాళ్ళు మూడు కొట్టి మీ వైపు చూడాలి. మొదటి వారం ఆటలా నేర్పండి. నల్లబల్ల దగ్గర నిలబడి గదంతటికీ వినపడేలా చెప్పే బదులు, గుంపు దగ్గర చాప మీద కూర్చుంటే చిన్న గొంతు చాలు. ముగ్గురు నలుగురు ఒక చీటీ మీద వాదించుకుంటుంటే అది పని చేసే చప్పుడు, దాన్ని ఆపొద్దు. గోరువెచ్చని నీళ్ళ సీసా దగ్గరుంచుకోండి. వారం దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించుకోండి.

కొట్టిన సంగతి మీరే రాశారు, దాచలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మాటలతో వేధించడాన్ని కూడా నిషేధించింది. అది మీకు తెలుసు. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. దెబ్బ తిన్న పిల్ల ఆ రోజు పాఠం వినదు, మన చేతినే చూస్తూ ఉంటుంది. రేపు ఆ బాబుని పక్కకి పిలిచి, 'నేను కొట్టడం తప్పు, ఇంక కొట్టను' అని చెప్పండి. టీచరు పిల్లవాడికి సారీ చెబితే అలుసైపోతామని పెద్దవాళ్ళు అంటారు. నేను చెప్పాను, అలుసు కాలేదు. స్కేలు ఆ గదిలో గీతలు గీయడానికే ఉండనివ్వండి. కోపం ముంచుకొచ్చే వేళ ఏదో ఒకటి ఉంటుంది, మీకది మధ్యాహ్నం మూడింటికేమో గమనించుకోండి. ఆ వేళకి పాటో, ఆటో, బయట చెట్టు కింద కథో పెట్టుకోండి.

సిలబస్ గురించి పై అధికారులు అడుగుతారన్న భయం సహజం. మీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. ఏ పేజీ చదవలేని పిల్ల ముందు పాఠం ముగించామని రాసుకుంటే రికార్డులో టిక్కు తప్ప ఇంకేం ఉండదు. రోజుకో గంటే తీసుకోమన్నాను, మిగతా వేళ సిలబస్‌కే ఉంది. పాఠాల్లో ఏవి లోతుగా చెప్పాలో, ఏవి కథలా చదివి వినిపించి ముందుకెళ్ళొచ్చో హెచ్‌ఎం గారితో కూర్చుని మార్కు చేసుకోండి. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారో క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) గారో వస్తే ఆ నోట్‌బుక్కు చూపించండి. జూన్‌లో ఈ బాబు అక్షరాల దగ్గర, సెప్టెంబరులో వాక్యాల దగ్గర అని తేదీలతో చూపిస్తే కాదనే అధికారి నాకు 34 ఏళ్ళలో తగల్లేదు. దేశమంతటా నిపుణ్ భారత్ పేరుతో 2021 నుంచి అడుగుతున్నది కూడా ఇదే, మూడో తరగతి దాటేసరికి పిల్లలు అర్థం చేసుకుని చదవాలని.

బడి మానేయడం గురించి మీరు రాయలేదు గానీ వేసవి దగ్గరపడితే జీడి తోటల్లో పిక్కల పని మొదలవుతుంది, పెద్ద పిల్లలు పొద్దున్న రారు. సంక్రాంతికి వచ్చిన తల్లిదండ్రులతో కొందరు వెళ్ళిపోతారు, నెల తర్వాత తిరిగొస్తారు. వాళ్ళు వచ్చిన రోజున ఎందుకు రాలేదని గద్దించకుండా, పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ ఆ అట్ట ఇచ్చి వినండి. మెట్టు జారితే కింది గుంపులో రెండు వారాలు కూర్చోబెట్టండి. అందుకే తరగతి ప్రకారం నడిచే పాఠాల కన్నా ఈ గుంపులు మీ ఊరికి బాగా పనికొస్తాయి.

సోమవారం మొదటి మనిషిగా ఎవర్ని పిలవాలా అని ఆలోచించకండి. మీరు కొట్టిన ఆ బాబునే పిలవండి. చాప మీద పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పి, పనస చెట్టు వాక్యాలు చేతికివ్వండి. ఎక్కడ ఆగాడో రాసుకోండి. మూడు వారాల తర్వాత రెండోసారి విన్నాక, ఎవరెవరు ఏ నది నుంచి ఏ నదికి మారారో నాకు రాయండి. ఆ ముగ్గురు గూడెం పిల్లల్లో ఎవరు ముందు నోరు విప్పారో, ఏ మాట అన్నారో కూడా రాయండి.